పచ్చి కర్ర అన్న మాట

నేనొక అట్లకాడని. నవ్వకండి. అంచు మొండిబారి, ప్రస్తుతం పెరట్లో పాత ఇనప సామాన్ల బుట్టలో ఉన్నాను. చెప్పబోయేది మా వంటింటి కిటికీ సంగతి. అట్లకాడకెందుకు అంటారేమో, ఆ కిటికీని తెరిచింది నేనే. తెరిచాక సిగ్గుతో చచ్చిపోయిందీ నేనే.

చీరాలలో ఒక కమ్మరి కొలిమిలో పాత లారీ కమాను ముక్క నుంచి పుట్టాను. వడ్రంగి వీరబ్రహ్మం దగ్గరుండి నన్ను సాగగొట్టించి, అంచు పలచగా అరగదీయించి, కొత్తింట్లో చేరుతున్న తన అక్క సువర్ణకు ఇచ్చాడు. ఆ ఇంటి తలుపులూ కిటికీలూ కూడా అతను చేసినవే. వంటింటి కిటికీ పక్కన మేకుకి వేలాడుతూ ఇరవై ఏళ్ళు అట్లు తిప్పాను.

సువర్ణ భర్త కోటాచారిగారు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. రెండేళ్ళ క్రితం ఇంటికి రంగులు వేయించాల్సి వస్తే, కుంచె పట్టడం నాకొకరు నేర్పాలా అంటూ ఆయనే నిచ్చెన ఎక్కారు. వంటింటి కిటికీ రెక్కలు మూసి, గడియ పెట్టి, సందు కనపడకుండా నీలం రంగు మూడు పూతలు పూశారు. రెక్కలు తెరిచి అంచులు విడిగా పూయాలని ఆ మహానుభావుడికి తోచలేదు. చూడ్డానికి అచ్చం బొమ్మలా ఉంది. బొమ్మలాగే తెరుచుకోలేదు కూడా.

సువర్ణ లాగి లాగి అలిసిపోయింది. మాస్టారికి విషయం అర్థమైపోయింది. ఆ క్షణాన నేనే పూశాను అని ఉంటే నవ్వుకుని ఊరుకునేవాళ్ళు. కానీ ఆయన, మీ తమ్ముడు పచ్చి కర్ర పెట్టాడు, వంకర తిరిగింది అనేశారు. ఇన్నేళ్ళూ తిరగని కర్ర ఇప్పుడెందుకు తిరిగిందని ఎవరూ అడగలేదు. మాస్టారు కదా! ఎదురుగా ఉన్న టీకొట్టులో కూడా అదే మాట చెప్పారు. వీధిలో ఇళ్ళు కట్టుకుంటున్న ఇద్దరు తలుపుల పని వేరేవాళ్ళకిచ్చారు. వీరబ్రహ్మం అక్క గడప తొక్కడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం సువర్ణ లేనప్పుడు మాస్టారు నన్ను తీసుకుని ఆ కిటికీ సందులో దూర్చారు. గోరంత పెచ్చు లేచింది. గుట్టు బయటపడుతుందని భయమేసిందో ఏమో, నన్ను పంచెతో తుడిచి మేకుకి తగిలించేశారు. నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్నా అంటే అనుమానమే. ఆ ఇంటి పెనం మీద బతికినదాన్ని.

పోపు వేసినప్పుడల్లా సువర్ణకు దగ్గు, ఆయాసం. శ్రావణమాసంలో ఒకరోజు ఇక ఓపలేక తనే వెళ్ళి తమ్ముణ్ణి బతిమాలి తీసుకొచ్చింది. అతను రెక్క అంచు చిత్రిక పడదామని పనిముట్లు తెచ్చాడు. కిటికీ సందు వెంట వేలు పెట్టి చూశాడు. చిత్రిక కింద పెట్టేశాడు.

"అక్కా, ఆ అట్లకాడ ఇటివ్వు."

నా అంచు సందులో పెట్టి, పైనుంచి కిందికి నెమ్మదిగా కోసుకుంటూ వచ్చాడు. రంగు పటపట విడిపోయింది. ఒక అట్టు కాలేంతలో కిటికీ తెరుచుకుంది. కర్ర గీత గీసినట్టు తిన్నగా ఉంది. రాలిన నీలం పెచ్చులు అక్క చూడకుండా ఏరి జేబులో వేసుకుని, బావ మొహం చూడకుండా అన్నాడు:

"కర్ర కాస్త తిరిగింది బావా. తప్పు నాదే."

గుమ్మంలో నిలబడ్డ మాస్టారు ఆ మాటకి కుంగిపోయారు. నా అంచున నీలం ఇంకా అంటుకునే ఉంది. దాచుకుందామంటే నాకు చోటేది? ఆయన లోపలికొచ్చి కిటికీ రెక్క మీద చెయ్యి వేశారు.

"కర్ర కాదు సువర్ణా. మూసిపెట్టి పూసింది నేను. ఆరోజే తెలుసు నాకు."

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. "నాకెందుకండీ చెప్పడం? ఆ మాట అన్నచోటే చెప్పండి" అంది.

మాస్టారు చొక్కా వేసుకుని రోడ్డు దాటారు. తెరిచిన కిటికీలోంచి టీకొట్టు మాటలన్నీ వినపడుతున్నాయి. ఆయన ముందు వానల గురించి మాట్లాడారు. తర్వాత స్కూలు గురించి. సువర్ణ స్టవ్వు కట్టేసి నిలబడింది. వీరబ్రహ్మం తల వంచుకున్నాడు. చివరికి మాస్టారు ఏదో గొణిగారు.

"ఏంటి మాస్టారూ? వినపళ్ళేదు" అన్నారెవరో.

ఆయన మళ్ళీ చెప్పారు.