గ్లౌజులాయన వెండి నాణెం

కళ్లద్దాల షాపాయనకి వెండి నాణేల పిచ్చి. అవీ మామూలువి కావు; ఫలానా యుద్ధానికి పాతికేళ్లు, ఫలానా ముట్టడికి యాభై ఏళ్లు అంటూ టంకశాలవాళ్లు విడుదల చేసేవి. ఇంట్లో బొద్దింక కనపడితే కుర్చీ ఎక్కే మనిషి, నాణెం పట్టుకుంటే మాత్రం సేనాధిపతి అయిపోతాడు. అదీ తెల్ల గ్లౌజులు తొడుక్కునే. వేలు తగిలితే వెండి మీద మచ్చ పడుతుందని భార్యను వాటి దగ్గర ఊపిరి కూడా వదలనివ్వడు. అందుకే బావమరిది ఆయనకు గ్లౌజులాయన అని పేరు పెట్టాడు. తనకు తగిన పేరేనని ఆయనే ఒప్పుకుంటాడు.

నది దాటిన పోరుకు యాభై ఏళ్లు నిండాయని ఈసారి కొత్త నాణెం వచ్చింది. తమ ఇంట్లోనే ఉంటున్న మామగారు ఆ పోరుకు వెళ్లినవారే. "మా మామగారు నది దాటిన వీరుడు" అని నాణేల సంఘంలో అల్లుడు కోసిన కోతలు అన్నీ ఇన్నీ కావు. ఆ వీరుణ్ణి చూడటానికి సంఘాధ్యక్షుడు ఆదివారం వస్తానన్నాడు. పెద్దాయన చూస్తే ఏనాడూ యుద్ధం ఊసెత్తినవారు కాదు. ఈలోగా ఆయన నోట ఒక్క వీరగాథైనా రాబట్టకపోతే పరువు పోతుంది.

నాణెం డబ్బాను మామగారి ముందు పెట్టాడు.

"ఈ మసక కళ్లకి ఏం కనపడుతుందయ్యా? తీసివ్వు, తడిమి చూస్తా."

"గ్లౌజులు వేసుకోండి, మావయ్యా."

"అప్పుడు గ్లౌజులే తెలుస్తాయి, అల్లుడూ."

పరువా, నాణెమా? గ్లౌజులాయన గుండె రాయి చేసుకుని డబ్బా తెరిచాడు. పెద్దాయన బొటనవేలు వెండి మీద మెల్లగా తిరిగింది.

"ఏడుగురున్నారు. అందరి చేతుల్లోనూ తుపాకులే."

"వీళ్లలో మీరెవరనుకోవచ్చు, మావయ్యా?"

"నేనెందుకుంటాను? నేను వంటవాణ్ణి. ఇవతలి ఒడ్డునే ఉన్నా."

అల్లుడి కోతలన్నీ నీటిపాలయ్యాయి. అయినా బుర్ర అప్పుడే కొత్త కోత కోసేస్తోంది: వంటవాడూ సైనికుడే, గరిటె కూడా ఆయుధమే. సిగ్గులేని బుర్ర.

"ఆ పూట అరవైమందికి వండాను," అన్నారు మామగారు. "తిరిగొచ్చింది పద్నాలుగుమంది."

గ్లౌజులాయనకు నిజంగానే సిగ్గేసింది. ఆ పోరు తేదీలు, సేనానుల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఇదే ఇంట్లో ఉన్న మనిషిని మాత్రం ఇన్నేళ్లలో ఒక్క మాట అడగలేదు. సంఘం కోసం కాకుండా మొదటిసారి అడిగాడు.

"మిగిలిన అన్నమంతా ఏం చేశారు, మావయ్యా?"

"రెండు రోజులు అలాగే ఉంచాం. పారబోయడానికి ఎవరికీ చేతులు రాలేదు."