పోయొస్త

పొద్దున్నే రాగిజావ కాచి, గుడ్లు ఉడకబెట్టి, కూతురు జ్యోతికను ఎల్బీ నగర్ నుంచి స్కూటీ మీద ఈతకొలనుకు తీసుకుపోవడం గీతకు అలవాటే. పిల్లను దించి, దిల్‌సుఖ్‌నగర్‌లో తను పనిచేసే చీరల షాపుకు పోయేది. ఈ మధ్య మాత్రం కాళ్లు కదలక గట్టు మీదే కూర్చుంటోంది. పిల్ల ఈత ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. చలికాలం నుంచి ఒక్క సెకను తగ్గలేదు.

"మస్తు తినిపిస్తున్న సార్. దిష్టి తీసిన. కొత్త గాగుల్స్ కొనిచ్చిన. ఏం సమజైతలేదు" అంది కోచ్ ఉపేంద్రతో.

ఉపేంద్ర కాకినాడ మనిషి. "నాకూ అంతుపట్టట్లేదమ్మా. సగం దాకా చేపలా వెళ్తుంది. తర్వాత ఎవరో నడుం పట్టుకుని వెనక్కి లాగినట్టు ఆగిపోతుంది" అన్నాడు.

ఆ కొలను నీళ్లకు మాట పట్టింపు ఎక్కువని అక్కడ అందరికీ తెలుసు. "రెండు రౌండ్లే" అని దిగిన సైదాబాద్ పెద్దాయనను మూడోది కొట్టనివ్వకుండా ఎత్తి గట్టున కూర్చోబెట్టేవి. ఆయనా విసుక్కోకుండా తల తుడుచుకుని ఇంటికి పోయేవాడు.

రోజూ అవతలి చివర వాచీతో నిలబడే ఉపేంద్ర ఆ వేళ ఇవతలే ఉన్నాడు. జ్యోతిక దిమ్మె ఎక్కి, దూకబోతూ తల్లి వైపు తిరిగి "అమ్మా, పోయొస్త!" అని అరిచింది.

ఉపేంద్ర నెత్తి కొట్టుకున్నాడు. "వస్తానంటుంటే నీళ్లు వెనక్కి తేక ఏం చేస్తాయమ్మా!"

ఆ మాట నేర్పింది గీతే. చలికాలంలో ఒకనాడు పిల్ల వట్టిగా "పోతున్న" అని గడప దాటింది. మూసారాంబాగ్ దగ్గర షేర్ ఆటో బోల్తా పడి గడ్డానికి కుట్లు పడ్డాయి. అప్పటినుంచి పక్కింటికైనా సరే, నీళ్లలోకైనా సరే, "పోయొస్త" అనందే కదలనివ్వలేదు.

"కన్నబిడ్డను పో అని ఎట్లంటం సార్? నోరెట్లొస్తది?"

"అయితే ఏమీ అనకుండా దూకమనండి."

దూకింది. ఏ మాటా అందక, ఏం చెయ్యాలో తోచక, నీళ్లు పిల్లను నడిమధ్యలో తేల్చి ఉంచాయి.

రాష్ట్ర ఈత అకాడమీ సెలెక్షన్ పోటీ ఆ కొలనులోనే జరిగింది. ఓడితే అకాడమీ సీటు ఇక మరిచిపోవాల్సిందే. పిల్లను కాచే మాటే పిల్లకు అడ్డమైంది. తీసేస్తే ఏమవుతుందోనని గీతకు ఏమీ పాలుపోలేదు. దిమ్మె మీద జ్యోతిక కూడా ఏమనాలో తెలియక ఏడుపు మొహంతో తల్లిని చూసింది. ఆ మొహం చూడలేక గీత కళ్లు గట్టిగా మూసుకుంది.

"పో బిడ్డా!"

పిల్ల పోయింది. నీళ్లు ఎక్కడా పట్టుకోలేదు. అందరికంటే ముందు అవతలి గోడ తాకింది. గట్టంతా ఈలలు. గీత నవ్వుతూనే ఏడ్చింది.

"అమ్మా!" అంటూ జ్యోతిక ఇటు ఈదుకు రాబోయింది. నీళ్లు మెల్లిగా ఎత్తి అవతలి గట్టు మీదే పెట్టాయి. మళ్లీ దూకింది. మళ్లీ అక్కడే పెట్టాయి. ఈలోగా అకాడమీ మేడం వచ్చి పిల్ల భుజాల మీద తువ్వాలు కప్పింది. "ఇక మా హాస్టల్లోనే ఉండాలి" అనడం ఇవతలికీ వినపడింది.

గెలిచినట్టా, పోగొట్టుకున్నట్టా? గీతకు ఎంతకీ అర్థం కాలేదు. నీళ్లు పిల్లను ఇటు రానివ్వవని మాత్రం తెలిసింది. చెప్పులు చేత పట్టుకుని, తడి గట్టు మీద జారుతూ, కొలను చుట్టూ తిరిగి అటు పోయింది.

"మేడం," అంది ఆయాసపడుతూ, "మీ హాస్టల్‌కు అమ్మలు ఎప్పుడెప్పుడు రావొచ్చు?"