పొత్రం బరువు

నేను ఒక బరువు యంత్రాన్ని. ఆసుపత్రుల్లో గోడవార నేలమీద పడి ఉంటుందే, ఎక్కి నిలబడితే అద్దం కింద ముల్లు తిరుగుతుందే, దాన్ని. నేను పుట్టిన కార్ఖానాలో పరీక్ష కోసమని ఇద్దరు బస్తాల్లాంటి మేస్త్రీలు నామీదకెక్కి గెంతితే, నా ముల్లు ఊడి ఎగిరి పక్క ఊళ్లో దొరికింది. నమ్మరా? పోనీ, ఊళ్లో కాదు, పక్క వీధిలో.

మొదటి కొలువు విజయనగరంలో ఒక డాక్టరు గారి దగ్గర. అక్కడి జనం నామీదకెక్కే ముందు చెప్పులు విడిచేవారు, వాచీ తీసేవారు, ఊపిరి బిగబట్టేవారు. ఒక నగల వ్యాపారైతే పెట్టుడు పళ్లు కూడా తీసి జేబులో వేసుకుని ఎక్కాడు. జేబు కూడా తనతోపాటే ఎక్కిందని పాపం ఆయనకెవరూ చెప్పలేదు.

డాక్టరు గారు కొత్త యంత్రం కొనుక్కుని నన్ను బొడ్డవలస ఆరోగ్య ఉపకేంద్రానికి ఇచ్చేశారు. అక్కడి నర్సు సువార్తమ్మ ఒళ్లో కూర్చుని బస్సులో వెళ్లాను. నాకూ టిక్కెట్టు కొట్టాల్సిందేనని కండక్టరు పేచీ.

గర్భిణులొచ్చే రోజు తప్ప మిగతా రోజుల్లో ఆ గదిలో నేనూ ఒక బల్లీ. అది కూడా వేసవిలో ఎటో పోయేది. వచ్చినవాళ్లందరూ నామీద నిలబడేవాళ్లే గాని నన్ను చూసినవాళ్లు లేరు. అంకె చూసి దిగిపోయేవారు.

పైడితల్లిని కూడా అంతే. అందరూ ఆమె కడుపు చూసేవారు, మొహం ఎవరూ చూడలేదు. తల్లి లేదు. మొగుడు సూరి చెన్నైలో తాపీ పనికి పోయాడు. ఇంట్లో తనూ, అత్త అప్పయ్యమ్మా. సువార్తమ్మ ఏమడిగినా జవాబు అత్తదే.

"బాగా తింటన్నావా పైడితల్లీ?"

"తింటన్నాది సిస్టరమ్మా."

"ఇంట్లో బెంగగా ఉంటోందా?"

"దానికి బెంగేటి? నానున్నాను గదా!"

ఒక నెల బరువు పెరగలేదు. సువార్తమ్మకి కోపం వచ్చి, నలుగురి ముందరా అప్పయ్యమ్మని దులిపేసింది. "కోడలికి కడుపునిండా పెట్టవా? గేదెకు పెట్టేది కూడా పెట్టవా?" అప్పయ్యమ్మ మొహం మాడిపోయింది. కోడలి వైపు చూడకుండా వెళ్లిపోయింది.

మరుసటి నెల పైడితల్లి ఎక్కగానే నా ముల్లు హుషారుగా పరిగెత్తింది. కాని నాకు అనుమానం తగిలింది. ఇంతమంది కడుపులు మోసినవాణ్ణి, బిడ్డ బరువు నాకు తెలియదా? బిడ్డ అటూ ఇటూ కదులుతుంది. ఇది కదలడం లేదు.

సువార్తమ్మ "శభాష్" అనేలోగా పైడితల్లి చీర కుచ్చిళ్లలోంచి పచ్చడి నూరుకునే చిన్న పొత్రం జారి, నా అద్దం మీద పడింది. అద్దం పగిలింది.

"ఓలమ్మా, పైడితల్లి పొత్రాన్ని కన్నాదే!" అని ఎవరో అన్నారు. గదంతా నవ్వులు.

సువార్తమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. ఎందుకో ఆ పిల్ల మొహం చూసి ఆగింది. అత్తతో సహా అందర్నీ వరండాలోకి పంపి తలుపు దగ్గరగా వేసి, నా పక్కన నేలమీద చతికిలబడింది.

"ఎవరు కట్టమన్నారే? మీ అత్తా?"

"అత్తకి తెల్దు. నానే కట్టుకున్నాను."

"ఎందుకే?"

"పోయిన్నెల మీరు అత్తని తిట్టీసినారు. ఆయేల నించి నాతో మాటాడ్డం నేదు. ఆయన ఫోను సేత్తే రెండు ముక్కలు. ఇంటికాడ మరెవులున్నారు నాకు? ఆకలైతే ఓర్సుకుంటాను సిస్టరమ్మా. ఇది ఓర్సుకోనేకపోతన్నాను."

సువార్తమ్మ లేచి తలుపు తీసింది. అప్పయ్యమ్మని ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. ఈసారి గొంతు తగ్గించింది. "తప్పు నాదే పిన్నీ. అందరి ముందరా అనకూడదు. ఇంతకీ ఈ పిల్లకి ఎందుకు తక్కువ పెడుతున్నావు?"

అప్పయ్యమ్మ గోడ వైపు చూస్తూ చెప్పింది. "నా కూతురు బాగా తిన్నాదమ్మా. బిడ్డ పెద్దదైపోయి కాన్పులో పోనాది. ఇది కూడా పోతే..."

"ఆ రోజు ఏమైందో నాకు తెలీదు పిన్నీ. కాని పస్తులుంటే ఈ పిల్లకి కాన్పుకి ఓపిక ఎక్కణ్ణించి వస్తుంది? పెట్టు. నొప్పులు మొదలైతే నేను వెంట ఉండి ఆసుపత్రికి తీసుకెళ్తాను."

అప్పయ్యమ్మ కళ్లు తుడుచుకుని, వంగి పొత్రం తీసి చంకన పెట్టుకుంది. "ఒలే, దీని కోసం పొద్దుట నించీ ఇల్లంతా ఎతికీసినాను గదే! పద, పచ్చడి నూరాల."

నెల తర్వాత కోడలితో అన్న మొదటి మాట అది. పైడితల్లి ఏడుస్తూ వెంట నడిచింది.

తర్వాత కొత్త యంత్రం వచ్చింది. ఇప్పుడు గర్భిణులతో సువార్తమ్మ ముందు విడిగా మాట్లాడుతుంది, తర్వాతే బరువు చూస్తుంది. పైడితల్లికి ఆడపిల్ల పుట్టింది. అత్తాకోడళ్లిద్దరూ పిల్లని ఎత్తుకుని వచ్చారు, కొత్త యంత్రం మీద తూచారు, నవ్వుకుంటూ పోయారు. మూలన మందుల అట్టపెట్టెల వెనక నేనున్నాను. చూడలేదు. ఎందుకు చూస్తారు?

ఆనాడు పొత్రం పడిన దెబ్బకి నా ముల్లు సున్నాకి రావడం మానేసింది. నామీద ఎవరూ లేకపోయినా కాస్త ఇవతలే ఆగి ఉంటుంది. పాడైపోయిందంటారు. పొత్రం వాళ్లింటికి వెళ్లిపోయింది. దాని బరువు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.