వంటగట్టు మీద పగులు

సామానంతా వ్యానెక్కింది. చంటిది వాళ్ల నాన్న భుజమ్మీద వాలి బొటనవేలు చీకుతోంది. ఇక ఈ ఇంటి అడ్వాన్సు తిరిగి చేతిలో పడటమే తరువాయి. అది తీసుకెళ్లి ఈ పూటే కడితేగానీ కొత్త ఇంటి తాళం ఇవ్వనని అక్కడి ఇంటాయన ఖండితంగా చెప్పేశాడు.

చంటిదాని తల్లి అసలే చిన్న చిన్న వాటికి కూడా కంగారుపడే మనిషి. ఓనరమ్మ ఏ వంక పెడుతుందోనని వారం రోజులుగా ఇల్లు తోమిపెట్టింది. వంటగట్టునైతే పీచూ సబ్బూ పాత బ్రష్షూ పట్టుకుని, ఏ కాలం నాటిదో జిడ్డు పొరలుగా ఊడిపోయేదాకా వదల్లేదు. "రాయి అరిగిపోతుందే" అని భర్త నవ్వితే, "అరగనీండి, మనల్ని వేలెత్తి చూపకూడదు" అంది.

ఆ తోమడమే కొంప ముంచింది.

ఓనరమ్మ గదులన్నీ తిరిగింది. గోడలకి మేకుల గుర్తులు వెతికింది, కుళాయిలు తిప్పి చూసింది. ఏమీ దొరక్క వంటింట్లోకొచ్చి, గట్టు దగ్గర టక్కున ఆగింది. పొయ్యి పెట్టే చోటు నుంచి గోడదాకా సన్నటి పగులు.

"ఇదేంటమ్మాయ్? మీకిచ్చినప్పుడు రాయి లక్షణంగా ఉంది. మీ ఆయన మీది కోపం దీని మీద తీర్చుకున్నావా ఏంటి?"

"లేదాంటీ, జిడ్డు కింద ముందు నుంచే..."

"ముందు నుంచే ఉంటే నా కంట్లో పడదా? గట్టు మార్పించాలి. మీ అడ్వాన్సులో సగం దానికే సరి."

సగం పోతే కొత్త ఇల్లు చెయ్యి జారినట్టే. సామాను చూస్తే వీధిలో ఉంది. భర్త మెల్లగా ఆమె దగ్గరికొచ్చి గుసగుసగా, "పోనీలేవే, ఇచ్చినంత పుచ్చుకుని పోదాం. మిగతాది ఎవరినైనా చేబదులు అడుగుతాను" అన్నాడు.

ఆ 'పోనీలే' ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. చిన్నప్పుడు తనని బడి మానిపించిన రోజున ఇంట్లో అందరూ అన్నది కూడా ఆ మాటే.

జడలోంచి పిన్ను తీసింది. గట్టు మీదకి వంగి పగుల్లో మెల్లగా గీకింది. నీలం రంగు పెచ్చొకటి ఊడొచ్చింది. దాన్ని అరచేతిలో వేసుకుని ఓనరమ్మ ముందు పెట్టింది.

"ఇది గోడకేసిన రంగాంటీ. కారి, ఈ పగుల్లో గడ్డకట్టింది. మేం దిగేటప్పటికే గోడలు మీగడ రంగు, మీరే వేయించి ఇచ్చారు. మరి ఈ నీలం ఎప్పటిది?"

"ఏమో, నాకేం గుర్తుంటుంది!"

గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న ఓనరుగారు పేపరు దించారు. "అదేంటే, మనం ఈ వాటాలో ఉన్నప్పుడు నువ్వే ముచ్చటపడి వేయించావు కదా! అంతకు ముందే నేను గట్టు మీద గ్యాసు బండ జారవిడిచి నీ చేత తిట్లు కూడా తిన్నాను."

"మిమ్మల్నెవరడిగారు?" అని కసిరింది ఓనరమ్మ. ముఖం ముడుచుకుని లోపలికెళ్లి, అడ్వాన్సు మొత్తం తెచ్చి చేతిలో పెట్టింది.

భర్త అప్పటికే వ్యాను వైపు తిరిగాడు. ఆమె మాత్రం కదల్లేదు. గోడ అలమర తలుపు తెరిచి లోపలి వైపు చూపించింది. చెక్క నిండా ఎర్రటి గీతలు.

"ఇది మాత్రం మాదేనాంటీ. మా పిల్ల గీసింది, ఎంత తోమినా పోలేదు. దీనికెంతవుతుందో చెప్పండి."

భర్త తల పట్టుకున్నాడు. "ఓసి నీ దుంపతెగ, నోరు మూసుకునుంటే ఆవిడ చూసేదే కాదు కదే!"

"ఆవిడ చూడకపోతే ఏం, నేను చూశాగా."

ఓనరమ్మ గీతలకేసి చూసింది. తర్వాత ఆమెకేసి, ఇన్నేళ్లలో ఇప్పుడే చూస్తున్నట్టు చూసింది. "పోనీలేమ్మా, తలుపేస్తే ఎవరికి కనబడుతుంది."

"ఆ పోనీలే మాత్రం వద్దాంటీ" అంది ఆమె. రంగు డబ్బాకి సరిపడే నోటు తీసి గట్టు మీద పెట్టి, పిల్లని చంకనేసుకుని బయటికి నడిచింది.

వ్యాను కదిలింది. పక్కన భర్త డ్రైవరుకి కథంతా చెప్పడం మొదలుపెట్టేశాడు. "ఆవిడ సగం కోస్తానందా, అప్పుడు మేం పిన్ను తీశాం చూడు..."

"మేమా?" అంది ఆమె, పిన్ను మళ్లీ జడలో దోపుకుంటూ.