బిచ్చయ్య గదిలో రెండో డబ్బా

తాండూరు నుంచి ఆ కంప్లయింటు వచ్చినప్పుడు నాగరాణి వికారాబాదు ఆఫీసులో టిఫిన్ డబ్బా విప్పుతోంది. ఇళ్లకు ఇంటర్నెట్టు ఇచ్చే చిన్న సంస్థ అది. ఫోన్లు ఎత్తడం, నెట్టు ఆగిన చోటికి పోయి బాగుచేయడం ఆమె పని. కంప్లయింటు ఇచ్చినవారి పేరు మనోరమ. యాదగిరి పటేలు భార్య. ఇంట్లో నెట్టు అంతంతమాత్రంగా వస్తోందట, పెరట్లో కట్టిన కొత్త గదికైతే అసలే అందడం లేదట. కూతురు వర్షిత అక్కడ కూర్చొని కంపెనీ పని చేసుకోవాలట, తొందరగా మనిషిని పంపాలట.

పనులు పంచే మల్లేశ్ ఇంకెవరినో పంపబోయాడు. నాగరాణి డబ్బా మూత పెట్టేసింది.

"నేను పోత అన్నా. ఆ ఇల్లు నాకు ఎరికే."

ఎరుకే మరి. ఆ ఆవరణలోనే పెరిగింది. ఆమె తండ్రి బిచ్చయ్య కోట్‌పల్లి వైపు నుంచి వచ్చి పటేలు గొర్లు కాయడానికి కుదిరినవాడు. ముందు పటేలు ఇల్లు, నడుమ గొర్ల దొడ్డి, దొడ్డిని ఆనుకొని బిచ్చయ్య గది, వెనక పెరడు. గోడలన్నీ ఆ ఊరి బండలతో పేర్చినవే. ఎండను ఆపినట్టే సిగ్నల్‌నూ ఆపుతాయి.

మనోరమ ఏనాడూ బిచ్చయ్య గడప దాకా వచ్చిన మనిషి కాదు. పని పడితే వరండాలో నిలబడి "ఓ బిచ్చిగా" అని కేకేసేది. బిచ్చయ్య ఉరికేవాడు. పిలిచేవాళ్లు ఎక్కడ ఉండాలో, పోవాల్సింది ఎవరో ఆ ఆవరణలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అయినా గొర్లకు కూడా తెలుసు.

కరోనా వచ్చి కాలేజీలు మూసినప్పుడు నాగరాణి హాస్టలు నుంచి ఇల్లు చేరింది. బిచ్చయ్య వంశంలో డిగ్రీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. పాఠాలన్నీ ఫోనులోనే. తన ఈడు పిల్ల కదా అని వర్షిత చాటుగా వైఫై పాస్‌వర్డు చెప్పింది. పటేలు కిటికీకి ఎదురుగా, దొడ్డి గోడ నీడన గోనెసంచి పరుచుకొని నాగరాణి పాఠాలు వినేది. చివరి ఏడు హైదరాబాదు కంపెనీ ఒకటి ఫోనులోనే ఇంటర్వ్యూలు పెట్టింది. వడపోతలన్నీ దాటి ఆఖరిదానికి పిలుపు వచ్చింది. ఆ పొద్దున గోనెసంచి మీద కూర్చొని ఫోను తెరిస్తే అది కొత్త పాస్‌వర్డు అడిగింది.

పరుగున పోయి పటేలు గుమ్మం ముందు నిలబడింది. మనోరమ చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"నెట్టు అంటె బోరు నీళ్ల లెక్క. నువ్వు అటు గుంజుతుంటే మాకు ఇటు తక్కువైతది."

ఈ ఒక్క పొద్దు ఇమ్మని, మళ్లీ ఎప్పుడూ అడగనని నాగరాణి బతిమాలింది.

"గొర్లు గాచేటోళ్లకు ఇంటర్వ్యూ ఏందే? పో, మీ అవ్వను పంపు. చింతపండు మస్తున్నది."

వెనక తలుపు దగ్గర నిలబడ్డ వర్షిత తల్లిని చూసింది, తన కాళ్లను చూసుకుంది, లోపలికి పోయింది. ఇంటర్వ్యూ పోయింది. ఆ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. అంతకంటే నాగరాణి గొంతులో దిగకుండా నిలిచిపోయింది వేరొకటి. ఏం జరిగిందో తెలియని ఆమె తల్లి కాశమ్మ, అదే పొద్దున, అదే గుమ్మం లోపల కూర్చొని ఆ చింతపండు గింజలు తీసి వచ్చింది.

అప్పటి నుంచి నాగరాణి కోరిక ఒక్కటే. తాను ఆ గుమ్మం ముందు నిలబడినట్టు మనోరమ వచ్చి బిచ్చయ్య గడప ముందు నిలబడాలి. నిలబడి అడగాలి. అంతకుమించి ఆమెకు ఏ చెడూ కోరలేదు, అంతకు తక్కువైతే ఒప్పుకునేదీ లేదు.

తాండూరులో రైలు దిగి, సంచిలో కొత్త రౌటర్‌తో ఆమె పటేలు ఇంటికి నడిచింది. మనోరమ ఎగాదిగా చూసింది.

"నువ్వా? మీ ఆఫీసుల మగోళ్లు ఎవ్వలు లేరా?"

"నేనే ఉన్ననమ్మా. మీ రౌటర్ ఏడున్నది?"

మనోరమ నడుముకున్న తాళంచెవుల గుత్తి తీసి పడకగదిలో ఇనుప బీరువా తెరిచింది. పట్టుచీరల నడుమ, పెళ్లి ఆల్బం మీద, రౌటర్ పచ్చలైటు ఆర్పి వెలిగిస్తూ కూర్చొని ఉంది. తీగ కోసం బీరువా వెనక రేకుకు బొక్క కొట్టించారు. ఇదేమిటమ్మా అని నాగరాణి అడిగింది.

"బయట వెడితే అందరు గుంజుకుంటుండె. బీరువల వెట్టినంక నిమ్మళం."

ఆ 'అందరు' ఎవరో మనోరమకు గుర్తున్నట్టు లేదు. నాగరాణికి గుర్తుంది. ఆ అందరూ తానొక్కతే. తనకు అందకూడదని ఇనుములో పెట్టి తాళం వేసి, ఇన్నేళ్లూ తమకూ సరిగ్గా అందక, నెట్టు కంపెనీవాళ్లను తిట్టుకుంటూ గడిపారు. నవ్వు రావలసిన చోట ఆమెకు నవ్వు రాలేదు.

రౌటర్‌ను బీరువాలోంచి తీసి కిటికీలో పెట్టింది. ఫోను పట్టుకొని ఆవరణంతా నడిచింది. దొడ్డి దాకా సిగ్నల్ నిండుగా వస్తోంది. ఆ తర్వాత బండగోడలు అడ్డం పడి, కొత్త గది చేరేసరికి ఊపిరి ఆగిపోతోంది. తీగ లాగుదామంటే పటేలు ఇంతకుముందే లాగించి చూశాడు, కోతులు దాన్ని ఊయల చేసుకొని తెంపేశాయి. ఇక మిగిలింది రెండో రౌటర్‌ను తీగ లేకుండా మొదటిదానికి కలపడమే. ముందువాడు పిలిస్తే నడుమ ఉన్నవాడు విని, అదే మాట వెనకవాడికి అందించినట్టు. అందించేవాడు సరిగ్గా నడుమ ఉండాలి. మరీ దూరం పోతే వాడికే వినబడదు.

నడుమ రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి బోరుమోటరు గది. రెండోది బిచ్చయ్య గది. రెంటిలోనూ సిగ్నల్ ఒక్కతీరుగానే ఉంది.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని వచ్చిన వర్షిత, మోటరు గదిలో ప్లగ్గు ఉన్నది కదా అని గుర్తుచేసింది. మోటరు నడిస్తే ఆ గది వేడెక్కుతుంది, అదురుతుంది, రౌటర్ డబ్బాకు మంచిది కాదు అని నాగరాణి చెప్పింది. అది అబద్ధం కాదు, నిజమంతా కూడా కాదు. వర్షిత ఆమె ముఖంలోకి కాసేపు చూసి, నీ ఇష్టం అని పోయింది. మనోరమ మాత్రం మూతి ముడిచింది.

"పోయి పోయి బిచ్చిగాని ఇంట్లనా?"

"సిగ్నల్ నిలవడ్డ తాన పెట్టాలెనమ్మా. ఆ ఇల్లు ఎవలదో దానికి తెల్వది."

తల్లి మంచం మీద కూర్చొని నాగరాణి పని మొదలుపెట్టింది. రెండోదానికి వేరే అడ్రసు ఇచ్చింది. ఇంట్లో ఉన్న ఫోన్లకు నంబర్లు పంచే పనిని దాని చేతి నుంచి తీసేసింది, ఒక పంక్తికి ఇద్దరు వడ్డిస్తే విస్తర్లు కలగాపులగం అవుతాయి కాబట్టి. పేరు, పాస్‌వర్డు మొదటిదానివే పెట్టింది. రెండింటినీ కలిపింది. వెనక గదిలో వర్షిత ఫోనులో గీతలన్నీ నిండాయి.

ఫోను తెర మీద నింపాల్సిన గడి ఒక్కటి మిగిలింది. రౌటర్లు గాలిలో మాట్లాడుకోవడానికి దారులు ఉంటాయి. రెండూ ఒకే దారిలో ఉంటేనే మాట వినబడుతుంది. అందుకని మొదటిదానికి ఫలానా దారి అని ఒక అంకె కట్టేయాలి. కట్టకపోతే అది ఆగి లేచినప్పుడల్లా తనకు నచ్చిన దారి పట్టిపోతుంది, రెండోది పాత దారిలోనే ఎదురుచూస్తూ ఉండిపోతుంది. అప్పుడు రెండోదాన్ని ఒకసారి ఆపి మళ్లీ వేస్తే, అది వెతుక్కొని జత కలుస్తుంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు నాగరాణి మొట్టమొదట నేర్పేది ఆ అంకె కట్టడమే.

ఆమె కట్టలేదు. ఆ గడిని ఉన్నదున్నట్టు వదిలేసి ఫోను మూసింది.

ఎండాకాలం ముంచుకొస్తోంది. కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఇన్వర్టరు అందుకునే రెప్పపాటులో పటేలు ఇంట్లో రౌటర్ పడి లేస్తుంది. బిచ్చయ్య గదిలోదానికి నాగరాణి చిన్న బ్యాటరీ తగిలించింది కాబట్టి అది పడదు, పాత దారిలోనే ఉండిపోతుంది. అప్పుడిక ఎవరో ఒకరు బిచ్చయ్య గదిలోకి పోయి ఈ డబ్బాను ఆపి వేయాలి. మీటింగులో ఉన్న వర్షిత లేచి రాలేదు, తల్లికి ఫోను చేస్తుంది. ఎర్ర లైటు వస్తే మా నాయిన గదిలో డబ్బాను ఒకసారి ఆపి వేయాలని తల్లీకూతుళ్లిద్దరికీ శ్రద్ధగా చెప్పి, నాగరాణి రైలెక్కింది.

ఆమె లెక్కలో అన్నీ ఉన్నాయి, తండ్రి ఒక్కడు లేడు. మొదటిసారి కరెంటు పోయినప్పుడే బిచ్చయ్య డబ్బా ముందు కూర్చొని ఉన్నాడు. ఎర్ర లైటు కనబడగానే ఆపి వేశాడు. వేసి, వరండా వైపు తిరిగి "అమ్మా, వచ్చిందా?" అని తానే కేకేశాడు. ఆ సంగతి ఫోనులో గొప్పగా చెప్పాడు కూడా. తర్వాతిసారీ అంతే, ఆ తర్వాతా అంతే. మనోరమ చెప్పుల్లో కాళ్లు పెట్టేలోపే పని అయిపోయేది.

ఆదివారం నాగరాణి తాండూరు వచ్చి తండ్రిని కూర్చోబెట్టింది.

"నువ్వు దాన్ని ముట్టకు నాయినా. వచ్చి అడిగినంకనే చెయ్యి."

"అడిగేదాక చూస్కుంట కూసుంటరా బిడ్డా? గొర్రె కంపల ఇరుక్కుంటే, అది అడిగితెనే తీస్తమా?"

"ఆమె గొర్రె కాదు నాయినా."

బిచ్చయ్య నవ్వి బీడీ వెలిగించుకొని దొడ్డిలోకి పోయాడు. పాము పగ పట్టినా కోరలు తనవే అయి ఉండాలి, పక్కవాడి కోరలతో కరవడం అయ్యే పని కాదు. నాగరాణికి ఏడుపు వచ్చినంత పనైంది. ఆ అంకె ఏదో కట్టేసి, చేతులు దులుపుకొని పోదామనుకుంది. పోయేముందు తల్లి కాశమ్మకు, అన్నం పెట్టుకొని కూర్చున్న కాశమ్మకు, ఇన్నేళ్లూ దాచినదంతా చెప్పేసింది. పాస్‌వర్డు, గుమ్మం, బోరు నీళ్ల మాట, గొర్లు గాచేటోళ్ల మాట, ఇప్పుడు కావాలని కట్టకుండా వదిలిన అంకె.

కాశమ్మ చేయి అన్నంలోనే ఆగింది.

"నన్ను చింతపండుకు పిలిచిన్నాడా?"

"ఆ నాడే అవ్వా."

కాశమ్మ చేయి కడుక్కొని, చీపురు తీసుకొని, ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడ్చింది. దాన్ని ఇప్పుడే బాగుచేయకు అని మాత్రం అన్నది.

కంది కోసిన చేన్లలో ఎరువు కోసం గొర్ల మంద పెట్టించుకోవడం ఆ వైపు రైతుల ఆనవాయితీ. ఏటా పటేలు పంపితే పోయే బిచ్చయ్యను ఈసారి కాశమ్మే ముందుగా సాగనంపింది. కోట్‌పల్లి దగ్గర చుట్టాల చేన్లు ఉన్నాయి, పిల్లతల్లులు రెండింటిని నాకు వదిలి మందను తోలుకపొమ్మన్నది. అతను పోయిన మర్నాడు అంగడికి పోయి తాళంకప్ప తెచ్చింది. ఆ గదికి తాళం పడటం అదే మొదలు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, మిట్టమధ్యాహ్నం, వికారాబాదులో నాగరాణి ఫోను మోగింది. మనోరమ. వర్షిత కంపెనీ పెద్దల ముందు ఏదో చెప్పాల్సిన వేళ కరెంటు రెప్ప కొట్టిందట. వరండాలోంచి ఎంత పిలిచినా బిచ్చిగాడు పలకడంలేదట.

"మా నాయిన మంద కాడికి పోయిండమ్మా. తాళంచెవి మా అవ్వ తానున్నది. మా ఇంటికి పోయి అడుగుండ్రి."

మనోరమ ఫోను పెట్టేయలేదు. నాగరాణి చెవికి ఆనించుకొని కూర్చుంది. బండల మీద చెప్పుల చప్పుడు వినబడింది. ఆయాసం వినబడింది. తర్వాత గొర్రెపిల్ల మెడలో గంట వినబడింది. చెప్పుల చప్పుడు ఆగింది.

"కాశమ్మా." ఆ గొంతు నుంచి ఆ పేరు పూర్తిగా రావడం నాగరాణి అప్పుడే విన్నది. "జర తాళం తియ్యి. వర్షిత పరేషానైతున్నది."

"తీస్తనమ్మా. ఈ పిల్లకు పిడుదులు వట్టినయి, ఏరుతున్న. గీ నీడకు రా, గోనెసంచి మీద కూసో."

"కూసునే పని గాదే. ఆడ మీటింగు నడుస్తున్నది."

గంట మోగుతూనే ఉంది. కాశమ్మకు తొందర ఉన్నట్టు లేదు.

"నిన్ను బతిలాడుతున్న కాశమ్మా."

"నెట్టు బోరు నీళ్ల లెక్కనే కదమ్మా. జరంత ఆగితే ఊరుతది."

మనోరమకు ఆ మాట ఎవరిదో గుర్తు వచ్చిందో లేదో నాగరాణికి తెలియదు. వచ్చే ఉంటుంది. తిట్టాలనుకుంటే తిట్టే మనిషే, తిట్టలేదు. కొంతసేపటికి కొంగు ముడిలోంచి తాళంచెవి తీస్తున్న చప్పుడు, తాళంకప్ప ఊడిన చప్పుడు వినబడ్డాయి.

"నాకు గవన్ని తెల్వదమ్మా. లోపలికొచ్చి నువ్వే ఎయ్యి."

గడప దగ్గర చెప్పులు ఒకటి తర్వాత ఒకటి బండ మీద విడిచిన చప్పుడు. నాగరాణి కళ్లు మూసుకుంది. టక్కుమని స్విచ్చు. ఆ వెనకే మనోరమ ఫోనులోకి, ఇది మాటిమాటికి పోకుండా చేయరాదా అని అడిగింది. గొంతులో ఎప్పటి బిరుసు లేదు. కంప్లయింటు రాయించమని, వరుసలో వస్తానని నాగరాణి మర్యాదగా చెప్పింది.

సాయంత్రం కాశమ్మ ఫోను చేసింది. వర్షిత మాట మధ్యలో తెగి మళ్లీ కలిసిందట, కంపెనీవాళ్లు ఇంకొకసారి చెప్పించుకున్నారట, పని పోయినదేమీ లేదు. ఆ సంగతి విన్నాక నాగరాణి గుండె కొంచెం కుదుటపడింది. తల్లికి ఇంకా ఏదో అడగాలని ఉన్నట్టు తోచి ఆగింది.

"బిడ్డా, అది బాగుచేసుడు మస్తు కష్టమా?"

"ఏం లేదవ్వా. ఒక అంకె కట్టాలె. అన్నం వార్చినంత పని."

వెనక గొర్రెపిల్ల అరుస్తోంది.

"అయితే నీ పనులు చూస్కొని మెల్లగ రా. తొందరేమున్నది? ఎండాకాలం ఇప్పుడే కద మొదలైంది."