గాలి తీయడమే నా పని

నేను ఒక ఫ్రిజ్ కంప్రెసరును. మా ఫ్రిజ్‌లో చల్లదనం పోయిన రోజు నేనున్న ఇంట్లో మొదట పాలవాణ్ణి అనుమానించారు. పాలు విరిగాయి కాబట్టి తప్పు వాడిదే అన్నారు. పెరుగు పులిసేసరికి తోడుపెట్టిన కోడలిదన్నారు. పచ్చిమిరపకాయలు కుళ్ళాక గానీ ఫ్రిజ్ తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూడలేదు. యంత్రాన్ని తప్పుపట్టడం మనుషులకు ఆఖరి పని. ముందు ఒకరినొకరు అనుకోవడం పూర్తి కావాలి.

ఏదో కర్మాగారంలో పుట్టాను. నల్లటి కుండలాంటి ఒళ్ళు, రెండు రాగి గొట్టాలు. ఒక గొట్టంతో పీల్చి రెండోదానితో వదలడం నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య. ఏళ్ళ తరబడి గోడవైపు తిరిగి బతికాను. ఇంటిల్లిపాదీ నా చలవతోనే చల్లటి నీళ్ళు తాగారు గానీ నా మొహం చూసినవాళ్ళు లేరు.

మొదట చూసింది బొబ్బిలి ఫ్రిజ్ మెకానిక్ త్రినాథరావు. భారీ మనిషి. వెనక చతికిలబడి నన్ను పరీక్షించి, లేవడానికి ఫ్రిజ్‌ను పట్టుకున్నాడు. ఫ్రిజ్ కదిలింది గానీ ఆయన కదల్లేదు.

"పెట్టె తుప్పట్టి గ్యాసంతా పోనాదండి. మోటారు మాత్రం రాయి" అన్నాడు కిందనుంచే.

వాళ్ళు కొత్త ఫ్రిజ్ కొనుక్కున్నారు. త్రినాథరావు నన్ను గోనెసంచిలో ఇంటికి తెచ్చాడు.

"ఏటండీ, ఇంకోటా? పెరడంతా ఇవే కదా!" అంది ఆయన భార్య వరహాలమ్మ.

"ఇది గిటారుకే."

"గిటారుకి మోటారేటి? మీటితే మోగదా, స్విచ్చెయ్యాలా?"

అది అర్థం కావాలంటే వాళ్ళ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. వరహాలమ్మ వీణలు చేసే ఇంటి ఆడపడుచు. కాపురానికి వచ్చేటప్పుడే వీణ వెంట తెచ్చుకుంది. సాయంత్రాలు ఒక్కతే వాయించుకుంటుంది. ఆమె పక్కన కూర్చుని తోడు వాయించాలని త్రినాథరావు కోరిక. వీణకు మఠం వేసుకుని కూర్చోవాలి. ఫ్రిజ్‌ల వెనక చతికిలబడి చతికిలబడి ఆయన మోకాళ్ళు ఎప్పుడో పోయాయి. కుర్చీలో కూర్చుని వాయించగలిగేది గిటారు. కొట్లో కొనుక్కుంటే ఒక పూటలో తేలిపోయే పని అది. కానీ వరహాలమ్మ అన్న సూరాచారి ఒప్పుకోలేదు.

"వీణలోళ్ళ అల్లుడు కొట్లో కొన్న వాయిద్యం పట్టుకుని తిరిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావు బావా? నానే సేసిస్తాను."

చేశాడు. సూరాచారి ఇంట్లో వీణ అంటే ఏకాండి. కుండా, దండీ, అంటే బుర్రా మెడా, అంతా ఒకే పనస దుంగలోంచి చెక్కాలి. అతుకు అనేది వాళ్ళింట్లో దాదాపు తిట్టు. గిటారును కూడా ఆయన అలాగే ఒకే దుంగలో తొలిచాడు. వీణను నేల మోస్తుంది, గిటారును మనిషి మోయాలి అన్న సంగతి ఆయనకు తట్టలేదు. అది మెడలో వేసుకోగానే త్రినాథరావు పెద్దలకు దండం పెట్టినట్టు ముందుకు వంగాడు.

"బావా, ఇది గిటారా, రుబ్బురోలా?"

"ఏకాండి బావా! ఎక్కడా అతుకు లేదు."

"దానికి లేదు. నా నడుం అతుకే ఊడిపోనాది."

అప్పుడు త్రినాథరావు ఎక్కడో చూసి ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. కాగితంలాంటి చెక్క పొరలకు జిగురు రాసి, వంపు ఉన్న అచ్చు మీద ఒకదానిపై ఒకటి పరవాలి. మొత్తాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించి, లోపలి గాలిని నేను పీల్చేయాలి. అప్పుడు బయటి గాలే అన్నివైపులా సమానంగా నొక్కుతుంది. పొరలన్నీ కలిసి ఆ వంపులోనే గట్టిపడతాయి. తేలిక, బలం.

"గాలి నొక్కడమేటి? గాలికి సేతులున్నాయేటి?" అన్నాడు సూరాచారి.

"ముందు నీ గాలి తియ్యాల బావా, అప్పుడు తెలుస్తాది."

మనుషులు ఒకరి గాలి ఒకరు తీసుకోవడానికి కరెంటు అక్కర్లేదని నాకు వాళ్ళ పెరటి షెడ్డులోనే తెలిసింది.

సంచి వరహాలమ్మ ఇచ్చింది. కొత్త పరుపుకు తొడుగుగా వచ్చిన దళసరి సంచి అది. వడియాలు పెట్టుకోవడానికి దాచుకుంది. "సిల్లు పడితే ఊరుకోను" అని మరీ ఇచ్చింది.

మొదటిసారి పొరలకు జిగురు రాయడం అయింది. త్రినాథరావు నా స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"ఆగు! వర్జ్యం ఉంది" అన్నాడు సూరాచారి.

ముహూర్తం చూడకుండా ఆయన దుంగ మీద ఉలి పెట్టడు. దుంగ ఎన్నాళ్ళయినా ఆగుతుంది. జిగురు ఆగదు. వర్జ్యం వెళ్ళేసరికి పొరలన్నీ బల్లపరుపుగా, ఏకగ్రీవంగా అతుక్కుపోయాయి. కుంచె డబ్బాలో నిటారుగా నిలబడి ఉంది.

"జిగురుకి పంచాంగం తెల్దు బావా!"

"తెల్దు కాబట్టే పాడైపోనాది" అన్నాడు సూరాచారి.

చివరికి జిగురు డబ్బా మూత తీయడానికే ముహూర్తం పెట్టాలని రాజీపడ్డారు. ఆ శుభఘడియలో మూత తీశారు, పూశారు, సంచిలో పెట్టారు, నన్ను ఆన్ చేశారు. నేను పీల్చాను. సంచి ముడతలు పడి చెక్కను కావలించుకోబోయి, ఎందుకో మళ్ళీ వదులైంది. ఎక్కడో గాలి దూరుతోంది. బావలిద్దరూ చెరో వైపు చెవులు ఆనించారు. ఏమీ తెలియలేదు. వరహాలమ్మ వచ్చి నిలబడే వింది.

"ఇదిగో, ఈ మూల. పంచమంలో ఈలేస్తంది."

అక్కడ టేపు వేశారు. సంచి బిగుసుకుంది. రాత్రంతా నేను ఆగుతూ పీలుస్తూ ఉన్నాను.

తెల్లారి సంచి విప్పితే గిటారు వీపు బయటికి వచ్చింది. పడవ అడుగులా సన్నటి వంపు, ఒక్క నొక్కు కూడా లేదు. సూరాచారి గోటితో తట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తట్టాడు.

"అతుకుదే గానీ, మాటాడతాది."

ఆ ఇంట్లో అంతకు మించిన సర్టిఫికెట్ లేదు. ఆ తరువాత పక్కలు కూడా నా సంచిలోనే వంగాయి. పైచెక్క సూరాచారి తన చేత్తో చిత్రిక పట్టి అంటించాడు. కుండ పూర్తయింది. దండి మాత్రం మిగిలింది. త్రినాథరావు ఆగలేక, కుర్చీ చెయ్యి మీద వేళ్ళు పెట్టి సాధన మొదలుపెట్టాడు. వరహాలమ్మ లోపల వీణ వాయిస్తుంటే ఇక్కడ కుర్చీ వాయించేవాడు. "తాళం తప్పింది!" అని ఆమె లోపలినుంచే అరిచేది. చప్పుడే చేయని కుర్చీలో తప్పు ఎలా పట్టుకునేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ నెలలోనే ఎవరింట్లోనో ఫ్రిజ్ వెనక చతికిలబడిన త్రినాథరావు లేవలేదు. మోకాళ్ళ వల్ల లేవలేకపోతున్నాడనుకుని ఆ ఇంటాయన చెయ్యి అందించాడట. కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడట.

నేను గాలి తీసినవన్నీ గట్టిపడ్డాయి. మనిషి సంగతి నాకు తెలియదు.

కర్మలన్నీ అయ్యాక సూరాచారి షెడ్డులోకి వచ్చాడు. వెనకే వరహాలమ్మ వచ్చింది. ఆయన గిటారు కుండను ఒడిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"నువ్వు వాయిస్తావేటమ్మా దీన్ని?"

"నాకు వీణుంది కదన్నయ్యా. ఇది ఆయనది."

"మరి ఇలాగే ఉంచీమంటావా, పూర్తి సేసీమంటావా?"

వరహాలమ్మ కొంగుతో కుండ మీది పొడి తుడిచింది.

"పూర్తి సెయ్యి" అంది.

సూరాచారి పనస చెక్క తెచ్చి దండి చెక్కాడు. నున్నగా చిత్రిక పట్టాడు. అది కుండలోకి సరిగ్గా దిగుతుందో లేదో చూశాడు. దిగింది. మళ్ళీ బయటికి తీసి పక్కన పెట్టాడు. ఇప్పటికీ చాలా పొద్దుటిపూటలు వస్తాడు. రెంటినీ దగ్గరగా పట్టుకుని చూసి, పెట్టేసి వెళ్ళిపోతాడు.

దండి ఇంకా అతకలేదు.