క్యారేజీ చూసి ఆగిన కారు

మధ్యాహ్నం రెండింటికి నూలుమిల్లు షిఫ్టు వదలగానే ఆడవాళ్ళంతా రోడ్డు పక్కన నిలబడి అన్నం క్యారేజీలు పైకెత్తేవారు. మిల్లు బస్సు తీసేసిన రెండేళ్ళుగా అదే వాళ్ళ లిఫ్టు గుర్తు. మిల్లు లారీలవాళ్ళు, తెలిసిన ఆటోవాళ్ళు చూసి ఆపేవారు. క్యారేజీ చూసి ఆగాడంటే మనవాడే అని వాళ్ళ నమ్మకం.

ఆ రోజు కండెలు చుట్టే కండెలక్కకు ఆలస్యమైంది. తోటివాళ్ళు లారీ ఎక్కి వెళ్ళిపోయారు. ఒంటరిగా క్యారేజీ ఎత్తగానే తెల్లకారు ఆగింది. దారిలో ప్రాణాలు తీసేవాళ్ళు కత్తి పట్టుకుని రారండీ. ఎక్కడ దిగాలమ్మా అని మర్యాదగా అడుగుతారు. వాడూ అలాగే అడిగి, ముందు సీట్లో సామానుందని వెనక కూర్చోబెట్టి తలుపు వేశాడు.

కొంతదూరం పోయాక తలుపులో చిక్కిన చీరకొంగు లాక్కోబోయింది. తలుపుకు లోపల పిడి లేదు. అవతలి తలుపుకూ లేదు. అద్దం దింపే మీటల చోట ఉత్త చిల్లులున్నాయి. ఇంతలో సీటు కింద కాలికేదో తగిలింది. తీసి చూస్తే సొట్టపోయిన క్యారేజీ, పిడికి చుట్టిన ఎర్ర నూలు.

ఆ నూలు చుట్టింది తనే. క్యారేజీ తనతో మిల్లులో పనిచేసిన నవ్వులపిన్నిది. నాలుగు నెలల కిందట షిఫ్టు దిగిన పిన్ని ఇల్లు చేరలేదు. లేచిపోయిందన్నారు అందరూ. అంతకుముందు అదే రోడ్డున మాయమైన ఇద్దరినీ అలాగే అన్నారు. అంత నవ్వే మనిషి ఊరికే ఉంటుందా అని పంపు దగ్గర అన్నది మాత్రం కండెలక్కే. ఇప్పుడా క్యారేజీని వాడికి కనపడకుండా ఒళ్ళో దాచుకుంది.

"ఏంటమ్మా, ఉలుకూ పలుకూ లేదు?" వాడు అద్దంలోంచి చూశాడు.

"నిద్రొస్తోందన్నా. తెల్లారకముందే లేచా," అంది కండెలక్క.

ముందు రైలుగేటు పడింది. కారు ఆగక తప్పలేదు. వాడు రేడియో పెంచాడు. ఇక అరిచినా వినపడదు. గేటు దగ్గర జెండా పట్టుకుని గేటుబాబాయి నిలబడ్డాడు. రోజూ లారీలో పోయే వీళ్ళకు చెయ్యూపే మనిషి. కారువాడు రైలు వైపు చూస్తుండగా, కండెలక్క పిన్ని క్యారేజీని అద్దానికి ఆనించి పైకెత్తి పట్టుకుంది.

గూడ్సు పోయింది. గేటు లేవలేదు. బాబాయి గేటు దగ్గర ఆగిన ఇద్దరు లారీడ్రైవర్లను వెంటబెట్టుకుని తాపీగా నడిచొచ్చాడు.

"బండి ఎక్కిన మనిషి ఇంకా క్యారేజీ ఎత్తుతోందేంటి బాబూ? తలుపు తియ్యి."

ఆ వారంలో వాడు పోలీసులకు శవాలు పాతిన మూడు చోట్లు చూపించాడు. స్టేషన్లో పిన్ని తల్లి ఆ ఎర్ర నూలు తడుముతూ చాలాసేపు కూర్చుంది. పంపు దగ్గర అన్న మాట కండెలక్క దాచుకోలేక చెప్పేసింది. పెద్దావిడ కోప్పడలేదు.

"నువ్వొక్కదానివేనా తల్లీ? సిగ్గుతో నేనే కంప్లైంటివ్వలా."

మర్నాడు షిఫ్టు వదిలినా ఒక్కరూ రోడ్డు పక్కన నిలబడలేదు. బస్సు వేసేదాకా కదలం అంటూ మిల్లు గేటు ముందే కూర్చున్నారు. కండెలక్క లేచి అందరికీ వినపడేలా చెప్పింది.

"తెలియని బండి ఎక్కకండి. ఇంటికి రాని ఆడదాన్ని లేచిపోయిందనకండి, ముందు వెతకండి."